2012 నాటి డెస్క్‌టాప్: ఇంకా డబ్బు పెట్టొచ్చా, పక్కన పెట్టేయాలా?

దేవరకొండ_ఆన్‌లైన్

అందరికీ నమస్తే. దేవరకొండలో చిన్న ఆన్‌లైన్ సెంటర్ నడుపుతాను. అప్లికేషన్లు నింపడం, ఫొటోలు, ప్రింట్లు, పెళ్లిళ్ల సీజన్లో కార్డుల డీటీపీ. రెండు సిస్టమ్‌లు ఉన్నాయి. ఒకటి ఈమధ్యే తీసుకున్నది, దాంతో పేచీ లేదు. రెండోది 2012లో నల్లగొండలో అసెంబుల్ చేయించింది. ఐ3-2120 ప్రాసెసర్, హెచ్61 బోర్డు, 2 జీబీ ర్యామ్‌లు రెండు, 500 జీబీ హార్డ్‌డిస్క్, విండోస్ 10. మానిటర్ పాత వీజీఏ వైరుది.

దాని బాధలు ఇవీ:

బ్రౌజర్ తెరిస్తే గిరాకీ ముందు కూర్చుని ఫోన్ చూసుకోవాల్సిందే. టాస్క్ మేనేజర్‌లో డిస్క్ ఎప్పుడు చూసినా 100 శాతం. పొద్దున ఆన్ చేయగానే తేదీ 2011 అని వస్తోంది, సర్కారు వెబ్‌సైట్ ఏది తెరిచినా కనెక్షన్ సురక్షితం కాదంటోంది. తేదీ మార్చుకుంటే తెరుచుకుంటుంది. అన్నిటికంటే టెన్షన్ పెట్టేది ఇంకోటి: ప్రింట్ ఇచ్చినప్పుడు అప్పుడప్పుడు సిస్టమ్ దానంతటదే రీస్టార్ట్ అవుతోంది. లాస్ట్ డేట్ రోజు సగం నింపిన ఫారం పోతే మనిషి ముఖం చూడలేం.

ఇక్కడ రిపేర్ చేసే ఒకాయనకు చూపిస్తే మదర్‌బోర్డ్ పోయింది, కొత్త సిస్టమ్ తీసుకోండి అన్నాడు. నా దగ్గర ఐదు వేలు, గట్టిగా అయితే ఆరు వేలు ఉన్నాయి. ఏం చేస్తే బాగుంటుంది?

జడ్చర్ల_కుర్రోడు

అక్కా, ఆ బోర్డులో ఐ7-3770 పడుతుంది. సెకండ్‌హ్యాండ్‌లో తీసుకుని, ఒక జీటీ 730 గ్రాఫిక్స్ కార్డు కూడా పెట్టించండి. రాకెట్ అయిపోతుంది.

పానగల్

రాకెట్ సంగతి తర్వాత చూద్దాం తమ్మీ.

అమ్మా, నల్లగొండలో చాలా ఏళ్లుగా సర్వీసింగ్ చేస్తున్నాను. మీరు రాసినవన్నీ ఒకే జబ్బు కాదు, మూడు నాలుగు వేర్వేరు జబ్బులు. బోర్డు పోయిందని అప్పుడే అనేయకండి. ముందు వీటికి జవాబు చెప్పండి.

1. లేజర్ ప్రింటర్ ప్లగ్ ఎక్కడ పెట్టారు? యూపీఎస్‌కా, గోడకా?
2. యూపీఎస్ ఎంత వీఏ? బ్యాటరీ ఎప్పుడు మార్చారు?
3. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అని ఒక ఉచిత ప్రోగ్రాం ఉంది. అది వేసి హార్డ్‌డిస్క్ దగ్గర ‘గుడ్’ అని ఉందో ‘కాషన్’ అని ఉందో చూడండి.
4. కేబినెట్ పక్క తలుపు తీసి బోర్డు మీది కెపాసిటర్లను చూడండి. చిన్న డబ్బాల్లా నిలబడి ఉంటాయి. వాటి నెత్తి చదునుగా ఉందా, ఉబ్బిందా, గోధుమరంగు జిగురేమైనా కారిందా?

సీటీసీ_గిరాకీ

నేను వేరేగా చెప్తా, ఏమీ అనుకోకండి. మాది నకిరేకల్, ఉద్యోగం హైదరాబాద్‌లో. సికింద్రాబాద్‌లో కంప్యూటర్ల షాపులుండే సీటీసీలో (చెనాయ్ ట్రేడ్ సెంటర్) ఆఫీసుల నుంచి వచ్చిన పాత సిస్టమ్‌లు వరుసగా పేర్చి ఉంటాయి. 8వ తరం ఐ5 ఉన్న చిన్న కేబినెట్ సిస్టమ్‌లు పదిహేను వేలకు అటూ ఇటూగా దొరికాయి మా వాళ్లకు. ఈ మధ్య మెమరీ ధరలు పెరిగాయి కాబట్టి ఇప్పుడు ఇంకాస్త ఎక్కువ చెప్పొచ్చు. అయినా వాటికి విండోస్ 11 అధికారికంగా ఎక్కుతుంది. మీ ఐ3 రెండో తరం. దానికి ఎక్కదు. విండోస్ 10కి సపోర్టు 2025 అక్టోబర్ 14న అయిపోయింది. అయిపోయిన బండికి ఐదు వేలు ఎందుకు? ఇంకో పది జమ చేసి ఒకేసారి మార్చుకోండి.

పానగల్

నీ మాట తీసెయ్యట్లేదు తమ్ముడూ. కానీ పదిహేను వేలు లేని మనిషికి పదిహేను వేల సలహా ఏం పనికొస్తుంది? పెట్టే ఐదు వేలల్లో రేపు కొత్త సిస్టమ్‌కి వెంట తీసుకెళ్లగలిగేది ఎంత, ఈ బోర్డుతోపాటే పోయేది ఎంత, అది లెక్క వెయ్యాలి. హార్డ్‌డిస్క్ బదులు పెట్టే ఎస్‌ఎస్‌డీ కొంటే అది వెంట వస్తుంది. యూపీఎస్ బ్యాటరీ వస్తుంది. ఈ బోర్డుకు పట్టే పాత రకం డీడీఆర్3 ర్యామ్ రాదు. ఐ7 రాదు. జీటీ 730 వచ్చినా దానితో పని ఉండదు.

దేవరకొండ_ఆన్‌లైన్

జవాబులు:

ప్రింటర్ యూపీఎస్‌కే ఉంది! కరెంటు పోతే ప్రింట్ మధ్యలో ఆగొద్దని అలా పెట్టించాను. యూపీఎస్ 600 వీఏ. బ్యాటరీ ఎప్పుడు మార్చామో గుర్తు లేదు, మార్చలేదేమో.

డిస్క్ దగ్గర పసుపు రంగులో ‘కాషన్’ ఉంది. కింద ‘కరెంట్ పెండింగ్ సెక్టర్’ అనే లైను కూడా పసుపే.

కెపాసిటర్లు చదునుగానే ఉన్నాయి, జిగురేమీ లేదు. దుమ్ము మాత్రం చెప్పుకుంటే సిగ్గు. ప్రాసెసర్ ఫ్యాన్ కింద ఉన్న అల్యూమినియం రేకుల మధ్య బూడిద రంగు దూది కూరినట్టు ఉంది.

పానగల్

అయితే మీ మదర్‌బోర్డుకు చావు సర్టిఫికెట్ తొందరపడి రాశారు.

రీస్టార్ట్ విషయం. 600 వీఏ యూపీఎస్ అంటే మామూలుగా 360 వాట్లు. లేజర్ ప్రింటర్‌లో టోనర్‌ను కాగితానికి అంటించడానికి ఒక హీటర్ ఉంటుంది. ప్రింట్ మొదలయ్యే క్షణంలో అది ఒక్కసారిగా కొన్ని వందల వాట్లు లాగుతుంది. అసలే బ్యాటరీ నీరసపడ్డ యూపీఎస్, పైన సిస్టమ్, మానిటర్, ఇప్పుడు ఈ హీటర్. వోల్టేజీ కుంగుతుంది, సిస్టమ్ పడిపోయి లేస్తుంది. ఏ కంపెనీ లేజర్ ప్రింటర్ అయినా యూపీఎస్‌కు పెట్టకూడదు. ఇప్పుడే తీసి గోడ సాకెట్‌కు పెట్టండి. దీనికి పైసా ఖర్చు లేదు. తర్వాత యూపీఎస్ లోపలి 12 వోల్టుల 7 ఏహెచ్ బ్యాటరీ మార్చండి. రెండు మూడేళ్లకోసారి మార్చాల్సిన సరుకు అది.

తేదీ విషయం. బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ ఉంటుంది, సీఆర్2032. గడియారాల షాపులో కూడా దొరుకుతుంది. కరెంటు తీసేసినప్పుడు గడియారాన్నీ, బయాస్ (సిస్టమ్ ఆన్ కాగానే ముందు నడిచే, బోర్డులోని ప్రోగ్రాం) సెట్టింగులనూ కాపాడేది అదే. తేదీ 2011 అయితే వెబ్‌సైట్ల సెక్యూరిటీ సర్టిఫికెట్లు ఇంకా పుట్టనే లేదని బ్రౌజర్ అనుకుంటుంది, అందుకే ఆ గోల. ప్లగ్ పీకి, పక్కనున్న చిన్న క్లిప్పును గోరుతో వెనక్కి నొక్కితే బిళ్ల పైకి లేస్తుంది. కొత్తది ప్లస్ గుర్తు పైకి ఉండేలా పెట్టండి.

నెమ్మది విషయం. అది డిస్క్. ‘పెండింగ్ సెక్టర్’ అంటే కొన్ని చోట్ల రాసింది చదవలేక అదే చోట మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తోంది. మిగతావన్నీ ఆపి, ఈ రోజే అందులోని పనికొచ్చే ఫైళ్లు ఇంకో చోటికి కాపీ చేయండి.

దేవరకొండ_ఆన్‌లైన్

ప్రింటర్ గోడకు మార్చాను. పొద్దుటి నుంచి ఒక్కసారి కూడా రీస్టార్ట్ కాలేదు. కాపీ నడుస్తోంది. కొన్ని ఫోల్డర్ల దగ్గర ఆగి ఆగి పోతోంది.

వైర్‌మన్_వనపర్తి

మాది కరెంటు పని. కంప్యూటర్ల గురించి ఎక్కువ తెలియదు కానీ ఒకటి అడుగుతా. కేబినెట్‌ను తాకితే చెయ్యి చిమచిమలాడుతుందా? చెప్పులు లేకుండా తాకి చెప్పండి అనను గానీ, ఎప్పుడైనా గమనించారా?

దేవరకొండ_ఆన్‌లైన్

అవునన్నా, వెనక స్క్రూలు తాకితే సన్నగా లాగినట్టు ఉంటుంది. కంప్యూటర్లన్నిటికీ అంతే అనుకున్నాం.

వైర్‌మన్_వనపర్తి

అన్నిటికీ అంతే కాదమ్మా, ఎర్తింగ్ లేని షాపులన్నిటికీ అంతే. ఎస్‌ఎంపీఎస్ లోపల, అంటే కేబినెట్‌లోని పవర్ సప్లై డబ్బాలో, కరెంటులోని చెత్తను వడకట్టడానికి చిన్న కెపాసిటర్లు ఉంటాయి. అవి ఫేజ్ నుంచి ఒకటి, న్యూట్రల్ నుంచి ఒకటి కేబినెట్‌కు కలిసి ఉంటాయి. ఎర్త్ వైరు ఉంటే ఆ కాస్త కరెంటు భూమిలోకి పోతుంది. లేకపోతే కేబినెట్ సగం వోల్టేజీ మీద, అంటే నూటపది నూటపదిహేను దగ్గర తేలుతూ ఉంటుంది. కరెంటు చాలా తక్కువ కాబట్టి చిమచిమతో సరిపోతుంది. కానీ యూఎస్‌బీకి పెట్టే వేలిముద్ర మిషన్లు, స్కానర్లు ఉన్నట్టుండి పోయేది దీనివల్ల కూడా.

మల్టీమీటర్ ఉన్న మనిషిని పిలిచి సాకెట్‌లో న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య కొలిపించండి. రెండు మూడు వోల్టులు దాటితే అనుమానించాలి. చాలా షాపుల్లో మూడు రంధ్రాల సాకెట్ ఉంటుంది, వెనక పచ్చ వైరు మాత్రం ఉండదు. ఎర్త్ గుంత ఉంటే ఎండాకాలం రెండు బకెట్ల నీళ్లు పొయ్యడం మరవకండి. మన వైపు నేల ఏప్రిల్ వచ్చేసరికి ఎండి ఇటుక అవుతుంది.

జడ్చర్ల_కుర్రోడు

నా ఐ7 సంగతి ఎవరూ మాట్లాడరేంటి 🙂

పానగల్

సరే మాట్లాడదాం. ఐ7-3770 మూడో తరం. 2011 నాటి హెచ్61 బోర్డు అయితే దానికి బయాస్ అప్‌డేట్ చేస్తే తప్ప ఆ చిప్‌ను గుర్తు పట్టదు. అప్‌డేట్ మధ్యలో కరెంటు పోతే బోర్డు నిజంగానే పోతుంది. అప్‌డేట్ అక్కర్లేకుండా పడేది ఐ5-2400 లాంటి రెండో తరం చిప్. అది 95 వాట్లది, ఇప్పుడున్న ఐ3 65 వాట్లది. వేడి ఎక్కువ.

పడుతుందా అంటే పడుతుంది. అవసరమా? అప్లికేషన్ నింపేటప్పుడు ప్రాసెసర్ ఎంత వాడుతుందో టాస్క్ మేనేజర్‌లో చూడమను. డిస్క్ నూటికి నూరు ఉన్నప్పుడు ప్రాసెసర్ చేతులు కట్టుకుని కూర్చుని ఉంటుంది. డిస్క్‌లో తల ఒక చోటి నుంచి ఇంకో చోటికి పోయి, పళ్లెం తిరిగి ఆ ముక్క కిందికి వచ్చేసరికి సుమారు 10 మిల్లీసెకన్లు. విండోస్ లేచేటప్పుడు చదివేవి అటూ ఇటూ చెదిరిన వేల చిన్న ముక్కలు. ఎస్‌ఎస్‌డీకి తిరిగే పళ్లెమే లేదు, ఆ వెతుకులాట మిల్లీసెకనులో చిన్న వంతులో అయిపోతుంది.

మహబూబ్‌నగర్_లెక్చరర్

హెచ్61లో డిస్క్ తగిలించడానికి ఉండేవి సాటా 2 పోర్టులే కదా, సెకనుకు 300 ఎంబీ దాటవు. 550 ఎంబీ అని రాసిన ఎస్‌ఎస్‌డీ పెడితే సగం వేగం వృథా అని కొందరు వెనక్కి తగ్గుతారు. తగ్గక్కర్లేదు. రోజువారీ పనిలో తేడా తెలిసేది పానగల్ గారు చెప్పిన చిన్న ముక్కల వెతుకులాటలో. పెద్ద సినిమా ఫైలు కాపీ చేసినప్పుడు తప్ప ఆ సగం గుర్తుకు రాదు.

కొనేటప్పుడు మాత్రం జాగ్రత్త. 2.5 అంగుళాల సాటా ఎస్‌ఎస్‌డీ అనే అడగండి. చూయింగ్‌గమ్ బిళ్లలా సన్నగా ఉండే ఎన్‌వీఎంఈ చూపించి ఇదే ఫాస్టు అంటారు. ఆ బోర్డులో దానికి స్లాట్ లేదు, కార్డు పెట్టి తగిలించినా పాత బయాస్ దాని నుంచి బూట్ అవ్వదు.

మిర్యాలగూడ_డీటీపీ

అక్కా, మీది మా లైనే కాబట్టి చెప్తున్నా. కార్డుల పనికి పేజీలు పేర్చే పేజ్‌మేకర్, తెలుగుకు అను ఫాంట్లేనా?

దేవరకొండ_ఆన్‌లైన్

అవును. పేజ్‌మేకర్ 7, అను. పాత కార్డుల ఫైళ్లు వందల్లో ఉన్నాయి, అవి పోతే కష్టం. గిరాకీలు పోయినసారి మా పెద్దమ్మాయి కార్డు ఉంది కదా, పేర్లు మార్చి ఇవ్వండి అంటారు.

మిర్యాలగూడ_డీటీపీ

అయితే ఈ సిస్టమ్‌ను పారేయొద్దు. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో. దానికి ఐ3 కూడా ఎక్కువే. నా దగ్గర కోర్ 2 డ్యూయో సిస్టమ్ ఒకటి అచ్చంగా కార్డులకే ఉంది. ఇంటర్నెట్ వైరు పీకేశాను. పెన్‌డ్రైవ్‌లు కూడా ఊరికే పెట్టనివ్వను, జిరాక్స్ షాపుల పెన్‌డ్రైవ్‌లలో ఏముంటాయో మీకు తెలుసు.

నా సలహా: కొత్త సిస్టమ్ మీద ఆన్‌లైన్ పని, దీని మీద డీటీపీ. అను అక్షరాలు యూనికోడ్ కాదు, పేజ్‌మేకర్‌లో కొట్టింది వాట్సాప్‌లో పెడితే ఇంగ్లిష్ అక్షరాల గందరగోళం అవుతుంది. ఎలాగూ రెండు పనులూ రెండు లోకాలు. విడదీస్తే మంచిదే.

మహబూబ్‌నగర్_లెక్చరర్

లేదా విండోస్ బదులు లినక్స్ మింట్ వేసి, లోపల వర్చువల్‌బాక్స్‌లో (కంప్యూటర్ లోపలే ఇంకో కంప్యూటర్‌ను నడిపే ప్రోగ్రాం) పాత విండోస్ పెట్టి అందులో పేజ్‌మేకర్ నడపొచ్చు. ఐ3-2120కి వర్చువలైజేషన్ సౌకర్యం ఉంది, బయాస్‌లో ఆన్ చేసుకోవాలి. ర్యామ్ 8 జీబీ అయితే హాయిగా నడుస్తుంది. మింట్ 22కి 2029 వరకు అప్‌డేట్లు ఉన్నాయి, డబ్బు కట్టేది లేదు. తెలుగు టైపింగ్‌కు ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్ కీబోర్డు పద్ధతులు రెండూ దొరుకుతాయి. మా ఇంట్లో పిల్లలు వాడేది అదే.

మిర్యాలగూడ_డీటీపీ

సార్, మీ ఇంట్లో నడుస్తుంది. షాపులో గిరాకీ నిలబడి ఉండగా వర్చువల్ లోపలి నుంచి ప్రింటర్‌కు పంపి, మార్జిన్ జరిగి, మళ్లీ సెట్ చేసి… ఆ ఓపిక ఉండదు. వేలిముద్ర మిషన్ల సాఫ్ట్‌వేర్ కూడా ఎక్కువగా విండోస్‌కే చేస్తారు.

మహబూబ్‌నగర్_లెక్చరర్

అది ఒప్పుకుంటాను. షాపుకు విండోస్, ఇంటికి మింట్. ఈ చర్చ చదివే మిగతావాళ్లలో ఇంట్లో పాత సిస్టమ్ ఉండి, పిల్లల చదువు, యూట్యూబ్, ఈమెయిల్‌కే వాడేవాళ్లుంటే మాత్రం మింట్ గురించి గట్టిగా ఆలోచించండి. పెన్‌డ్రైవ్ నుంచే బూట్ చేసి, డిస్క్‌ను ముట్టుకోకుండా ప్రింటర్, సౌండ్, వైఫై అన్నీ పనిచేస్తున్నాయో చూసుకోవచ్చు. నచ్చకపోతే పెన్‌డ్రైవ్ పీకేస్తే అయిపోయింది.

సీటీసీ_గిరాకీ

విండోస్ 10 ఉంచమంటున్నారు సరే. అప్‌డేట్లు ఆగిపోయిన సిస్టమ్ మీద జనాల ఆధార్, బ్యాంకు పాస్‌బుక్‌లు తెరవడం తప్పు కాదా? అది ఆమె ఒక్కరి రిస్క్ కాదు, వచ్చిన ప్రతి మనిషిదీ.

పానగల్

మంచి ప్రశ్న. మైక్రోసాఫ్ట్ సామాన్య వినియోగదారులకు ఇంకో ఏడాది సెక్యూరిటీ అప్‌డేట్లు ఇస్తోంది, 2026 అక్టోబర్ 13 వరకు. సిస్టమ్‌లో 22హెచ్2 వెర్షన్ ఉండాలి, మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో నమోదు కావాలి. సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ పేజీలోనే నమోదు చేసుకునే లింకు కనిపిస్తుంది. సెట్టింగుల బ్యాకప్ ఆన్ చేస్తే డబ్బు కట్టక్కర్లేదు. కానీ అది ఇంటి వాడకం కోసం పెట్టిన పథకం, షాపు దాని మీద ఆధారపడకూడదు. అందుకే మిర్యాలగూడ తమ్ముడి మాటే నాకు నచ్చింది: ఆధార్, బ్యాంకు పనులు కొత్త సిస్టమ్ మీద, ఇది డీటీపీకీ స్కానింగ్‌కీ, నెట్ లేకుండా.

రూఫస్ అనే ప్రోగ్రాంతో అడ్డదారిలో విండోస్ 11 ఎక్కించేవాళ్లు ఉన్నారు. ఈ ఐ3 మీద ఎక్కుతుంది కూడా. నేను షాపులకు చెయ్యను. అప్‌డేట్లకు మైక్రోసాఫ్ట్ హామీ ఇవ్వదు, కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా మళ్లీ అదే తంటా.

దేవరకొండ_ఆన్‌లైన్

సరే, అర్థమైంది. ర్యామ్ ఎంత వేయించాలి? దేని తర్వాత ఏది చేయాలో కూడా చెప్పండి. ఆదివారం షాపు మూసి కూర్చుంటాను, మా తమ్ముడు సాయం వస్తాడు.

పానగల్

ర్యామ్: మీ బోర్డులో రెండే స్లాట్లు, రెండూ 2 జీబీలతో నిండి ఉన్నాయి. కాబట్టి రెండూ తీసి 4 జీబీవి రెండు వేయండి. జతగా వేస్తే రెండు చానెళ్లలో నడుస్తాయి, ఈ చిప్‌లో లోపలి గ్రాఫిక్స్ కూడా ర్యామ్‌నే వాడుకుంటుంది కాబట్టి అది మేలు. 1600 స్పీడువి దొరికితే తీసుకోండి, మీ ఐ3 మీద 1333 దగ్గరే నడుస్తాయి, నష్టం లేదు. లాప్‌టాప్‌వి పొట్టిగా ఉంటాయి, పట్టవు.

ఒక మోసం ఉంది, గుర్తు పెట్టుకోండి. ఆన్‌లైన్‌లో 8 జీబీ డీడీఆర్3 చాలా చవకగా కనబడుతుంది, కింద చిన్న అక్షరాల్లో ‘ఏఎండీకి మాత్రమే’ అని ఉంటుంది. అవి ఇంటెల్ బోర్డులో పనిచేయవు. కొన్నవాళ్లు ర్యామ్ పోయిందనీ, స్లాట్ పోయిందనీ నా దగ్గరకు తెస్తుంటారు.

వరుస ఇదీ. ముందు శుభ్రం. సిస్టమ్‌ను బయటకు తీసుకెళ్లి బ్లోయర్‌తో ఊదండి, ఫ్యాన్ రెక్కను వేలితో పట్టుకోండి, గాలికి గిర్రున తిరగనివ్వకండి. హీట్‌సింక్‌కు నాలుగు మూలలా నల్లటి పిన్నులుంటాయి. బాణం గుర్తు వైపు తిప్పి పైకి లాగితే వదులుతాయి. కింద ఎండిపోయిన తెల్లటి పేస్టును మెత్తటి గుడ్డతో, స్పిరిట్‌తో తుడిచి, కొత్త పేస్టు బఠానీ గింజంత పెట్టండి. బిగించేటప్పుడు పిన్నులను మొదటి చోటికి తిప్పి, ఎదురెదురు మూలలవి జంటగా నొక్కండి. టక్‌మని నాలుగు చప్పుళ్లు వినబడాలి. ఒకటి పట్టకపోయినా హీట్‌సింక్ ఒక పక్కకు లేచి వేడెక్కుతుంది. బోర్డును వెనక నుంచి చూస్తే నాలుగు పిన్నుల మొనలూ బయటకు వచ్చి కనబడాలి.

తర్వాత బిళ్ల బ్యాటరీ. దాని తర్వాతే బయాస్‌లోకి వెళ్లి సాటా మోడ్ (డిస్క్‌తో బోర్డు మాట్లాడే పద్ధతి) ఏహెచ్‌సీఐ పెట్టండి. అప్పుడు విండోస్. ఈ వరుస ఎందుకంటే, బ్యాటరీ తీస్తే బయాస్ ఫ్యాక్టరీ సెట్టింగుకు పోతుంది, ఆ కాలం బోర్డుల్లో కొన్నిటికి అది పాత ఐడీఈ మోడ్. ఏహెచ్‌సీఐలో విండోస్ ఎక్కించాక బ్యాటరీ మారిస్తే నీలం తెర వచ్చి, ఎస్‌ఎస్‌డీ పాడైందని షాపుకు తిరిగి పట్టుకెళ్తారు.

విండోస్ కొత్తగానే ఎక్కించండి, పాత డిస్క్‌ను క్లోన్ (ఉన్నదున్నట్టు నకలు) చేయొద్దు. చదవలేని సెక్టర్లున్న డిస్క్ మధ్యలో మొండికేస్తుంది. విండోస్ 10 లైసెన్సు డిజిటల్‌గా బోర్డుకు ముడిపడి ఉంటే డిస్క్ మారినా దానంతటదే యాక్టివేట్ అవుతుంది. ఎక్కించేటప్పుడు పాత డిస్క్ కేబుల్ పీకి ఉంచండి, లేకపోతే బూట్ ఫైళ్లు దాని మీదికి పోయే ప్రమాదం ఉంది.

ఎస్‌ఎంపీఎస్ చివర. బయాస్‌లో హార్డ్‌వేర్ మానిటర్ పేజీలో 12 వోల్టుల లైను 11.4కీ 12.6కీ మధ్య ఉంటే ఇప్పటికి ముట్టుకోకండి.

జడ్చర్ల_కుర్రోడు

యూట్యూబ్ మాత్రం ఆ ఐ3 మీద తడబడుతుంది అన్నా, గ్రాఫిక్స్ కార్డు అడిగింది అందుకే.

మహబూబ్‌నగర్_లెక్చరర్

అందులో నిజం ఉంది. ఇప్పుడు యూట్యూబ్ ఎక్కువగా వీపీ9, ఏవీ1 అనే వీడియో రూపాల్లో పంపుతుంది, రెండో తరం ఇంటెల్ గ్రాఫిక్స్‌కు అవి రావు, భారమంతా ప్రాసెసర్ మీద పడుతుంది. హెచ్.264 మాత్రం వచ్చు. బ్రౌజర్‌లో హెచ్264ఐఫై లాంటి ఎక్స్‌టెన్షన్ వేస్తే యూట్యూబ్ ఆ పాత రూపంలోనే పంపుతుంది. కార్డు అక్కర్లేదు తమ్ముడూ. పైగా జీటీ 730 రకాలన్నిటికీ ఎన్విడియా కొత్త డ్రైవర్లు ఇవ్వడం మానేసింది.

దేవరకొండ_ఆన్‌లైన్

పని అయిపోయింది. 240 జీబీ ఎస్‌ఎస్‌డీ, 4 జీబీ ర్యామ్‌లు రెండు, యూపీఎస్ బ్యాటరీ, బిళ్ల బ్యాటరీ, పేస్టు. అన్నీ కలిపి అనుకున్న ఆరు వేల లోపే వచ్చాయి. ర్యామ్ నల్లగొండ నుంచి తెప్పించాను, సెకండ్‌హ్యాండే, బిల్లు మీద నెల గ్యారంటీ రాయించుకున్నాను.

ఒక పిన్ను పట్టలేదు. వెనక నుంచి చూడమని చెప్పారు కాబట్టి దొరికింది, లేకపోతే అలాగే మూసేసేవాళ్లం. 12 వోల్టుల లైను 11.9 చూపిస్తోంది.

పేజ్‌మేకర్ నొక్కగానే వస్తోంది. ఫొటోషాప్‌లో పాస్‌పోర్ట్ ఫొటోలు పేర్చుతూ పక్కన స్కానర్ నడిపినా ఆగట్లేదు. నెట్ వైరు తీసేశాం. ఎర్తింగ్ చూపిస్తే సాకెట్ వెనక పచ్చ వైరు నిజంగానే లేదు! వైర్‌మన్ అన్నకు దండం. కొత్తగా లాగించాం, ఇప్పుడు స్క్రూ తాకినా ఏమీ లేదు.

పాత కార్డుల ఫోల్డర్లలో కొన్ని ఫైళ్లు తెరుచుకోలేదు. మిగతావి భద్రం.

ఇంకొకటి అడగాలి. ఆ పాత 500 జీబీ డిస్క్‌ను బ్యాకప్‌కు వాడొచ్చా? పాత సామాను కొనే అతను వచ్చి అడిగాడు కూడా.

పానగల్

బ్యాకప్‌కు వద్దు. పెండింగ్ సెక్టర్లున్న డిస్క్‌ను నమ్మి ఏదీ పెట్టకూడదు. కార్డుల ఫైళ్లకు కొత్త పెన్‌డ్రైవ్ ఒకటి, కొత్త సిస్టమ్‌లో ఇంకో కాపీ.

అమ్మొద్దు కూడా. అందులో ఇన్నేళ్లుగా ఎంతమంది ఆధార్, పాన్, సంతకాలు స్కాన్ అయి ఉంటాయో ఆలోచించండి. డిలీట్ కొట్టినా, మామూలుగా ఫార్మాట్ చేసినా అవి మళ్లీ తీయొచ్చు. డిస్క్ మొత్తం మీద సున్నాలు రాసే ప్రోగ్రాములున్నాయి, కానీ పాడైన సెక్టర్ల మీద అవి రాయలేవు. నేనైతే మూతకున్న నక్షత్రం స్క్రూలు విప్పి లోపలి పళ్లేలు బయటకు తీసి గీతలు పెట్టేస్తాను. పళ్లెం గాజుదైతే పగిలి గుచ్చుకుంటుంది, గుడ్డ చుట్టి చేయండి.

సీటీసీ_గిరాకీ

ఈ మాటకు నా ఓటు. అక్కా, ఎప్పుడైనా 8వ తరం సిస్టమ్ కావాలంటే చెప్పండి, సీటీసీలో చూసి పెడతా. ఎస్‌ఎస్‌డీ మీ దగ్గర ఉంది కాబట్టి డిస్క్ లేకుండానే బేరం ఆడొచ్చు.

దేవరకొండ_ఆన్‌లైన్

తప్పకుండా తమ్ముడూ. పెళ్లిళ్ల సీజన్ అయ్యాక చూద్దాం.

జడ్చర్ల_కుర్రోడు

అక్కా, తీసేసిన ఆ 2 జీబీ ర్యామ్‌లు రెండూ ఏం చేస్తున్నారు? మా ఫ్రెండ్ సిస్టమ్‌కు కావాలి.

దేవరకొండ_ఆన్‌లైన్

డ్రాలో ఉన్నాయి. 1333వి. దేవరకొండ వస్తే తీసుకుపో, డబ్బులేం వద్దు.